చలిగాలి చొరబడే ఇంట్లో వెచ్చదనం

మన తెలుగు నేల ఎండలకు పేరు పొందినది. అందుచేతనే కాబోలు, ఫ్యాను కొనాలంటే నలుగురిని అడిగే మనం చలికి హీటరు కొనాల్సివస్తే ఎవరినీ అడగము. దుకాణదారుడు ఎర్రగా వెలిగేదేదో చూపిస్తాడు. ధర గిట్టుబాటైతే ఇంటికి తెచ్చుకుంటాము. అయితే ఆదిలాబాదు, ఆసిఫాబాదు వైపు గానీ, అరకు, చింతపల్లి, లంబసింగి వైపు గానీ పాత ఇళ్ళలో వృద్ధులున్న కుటుంబాలకు ఇది అంత తేలిక విషయం కాదు. ఏ ఇంటికి, ఎవరి కోసం అనే రెండు ప్రశ్నలకు జవాబు దొరకనిదే ఏ హీటరు మంచిదో చెప్పలేము. మా కుటుంబంలో ఈ రెండు ప్రశ్నలూ ఎలా ఎదురయ్యాయో వ్రాస్తే కొందరికైనా ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా అత్తమ్మ ఆదిలాబాదు పట్టణంలో ఉంటారు. హైదరాబాదు నుండి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరంగా సుమారు 300 కిలోమీటర్లు. ఇంకొంచెం ముందుకు వెళ్ళి పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ పగలు హాయిగానే ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి కథ మారిపోతుంది. మబ్బు లేని రాత్రులలో నేల పగలంతా దాచుకొన్న వేడిని ఆకాశానికి వదిలివేస్తుంది. దానికి ఉత్తరపు గాలి తోడవుతుంది. మధ్యాహ్నం చొక్కాతో తిరిగిన ఊరిలోనే తెల్లవారుజామున 10 డిగ్రీల లోపు చలి ఉంటుంది. కొన్ని రాత్రులు 5 డిగ్రీల దగ్గరకు కూడా దిగుతుంది.

అత్తమ్మ ఇల్లు గూనపెంకుల ఇల్లు. మట్టిగోడలు, టేకు దూలాలు. వేసవిలో ఆ ఇల్లు ఒక వరం. వేడిగాలి పెంకుల సందుల్లోనుండి పైకి వెళ్ళిపోతుంది గనుక మధ్యాహ్నం కూడా చల్లగా పడుకోవచ్చు. చలికాలంలో ఆ వరమే బరువవుతుంది. గోడకూ పెంకులకూ మధ్య జానెడు సందు, తలుపు కింద రెండు వేళ్ళు పట్టే సందు, కిటికీ రెక్కలు కలిసే చోట ఒక చీలిక. రాత్రి దీపం ఆర్పి పడుకుంటే చెవి పక్కన గాలి పారుతున్నట్టు తెలుస్తుంది.

ఆమెకు 76 ఏళ్ళు. చాలా కాలంగా షుగరు ఉంది. దానివల్ల పాదాలలో స్పర్శ తగ్గింది. హైదరాబాదులో మా ఫ్లాటుకు రమ్మంటే ఒక వారం ఉండి తిరిగి వెళ్ళిపోతారు. చలికి ఆమె చేసుకొన్న ఏర్పాటు ఒక్కటే. ఇనుప కుంపటిలో బొగ్గులు రాజేసి, ఎర్రబడ్డాక మంచం దగ్గర పెట్టుకొని, పడుకోబోయే ముందు పైన బూడిద కప్పేవారు. తెల్లవారేవరకు సన్నని వెచ్చదనం ఉండేది. తల్లి పెట్టిన కుంపటి అది. దాని పక్కనే ముగ్గురు పిల్లలను పెంచారు. ఏనాడూ ఏ హానీ జరగలేదు.

మూడేళ్ళ క్రిందటి చలికాలంలో మాత్రం ఆమె ఫోనులో ఒకే మాట చెప్పడం మొదలుపెట్టారు. "పొద్దుగాల లేస్తె తలకాయ పగిలిపోతున్నది బిడ్డా. వాంతి అయితట్టు ఉంటది. పది గంటలకు ఎండల కూసుంటె మంచిగైతది." షుగరు చూపించాము, బీపీ చూపించాము. రెండూ అదుపులోనే ఉన్నాయి. ఆ ఊరి పెద్ద డాక్టరుగారు మందులు వ్రాయకముందు రెండు ప్రశ్నలు అడిగారు. "రాత్రి చలికి ఏం చేస్తున్నారమ్మా?" అన్నది మొదటిది. "ఈ మధ్య ఇంట్లో ఏమైనా మార్పు చేశారా?" అన్నది రెండవది.

మార్పు చేసిన మాట నిజమే. ఆ వానాకాలంలో కోతులు పెంకులు కదిపి ఇల్లు కురుస్తుంటే, మా మరిది పెంకుల కింద మందపాటి టార్పాలిన్ పరిపించాడు. వాన ఆగింది. చలిగాలి కూడా సగం తగ్గిందని అందరం సంతోషించాము. డాక్టరుగారు కాసేపు ఆగి అన్నారు: "ఆ సందులే ఇన్నాళ్ళూ మిమ్మల్ని కాపాడినాయమ్మా."

సంగతి ఏమిటంటే, బొగ్గులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడు అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ వస్తే కళ్ళు మండుతాయి, దగ్గు వస్తుంది, లేచి కిటికీ తీస్తాము. దీనికి ఆ హెచ్చరిక కూడా లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసుకొనిపోయే హిమోగ్లోబిన్‌ను ఇది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. మొదట తలనొప్పి, తల తిరగడం, వికారం. తరువాత మత్తు. మెలకువగా ఉన్నవారు ఏదో తేడాగా ఉందని బయటకు వస్తారు. నిద్రలో ఉన్నవారికి ఆ అవకాశమే ఉండదు. ప్రతి చలికాలంలోనూ మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించినవారు తెల్లవారి లేవలేదన్న వార్త దేశంలో ఏదో ఒక మూల నుండి వస్తూనే ఉంటుంది. బూడిద కప్పితే నిప్పు ఆరదు, మెల్లగా కాలుతుంది అంతే. ఆ వాయువు గంటల తరబడి వస్తూనే ఉంటుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. గాలి చొరబడే ఇంటిని చూసి మనకు మొదట కలిగే ఆలోచన సందులు మూయాలని. అది మంచి ఆలోచనే. కానీ లోపల నిప్పు ఉండగా సందులు మూస్తే, చలిని తప్పించబోయి ప్రాణాన్ని పణంగా పెట్టినట్టే. నిప్పును బయటకు పంపడం ముందు. సందులు మూయడం తరువాత. హీటరు ఆ తరువాత. ఈ వరుస తప్పకూడదు.

ఆ ఆదివారం కుటుంబమంతా ఆదిలాబాదులో కలిశాము. అత్తమ్మ మంచం చుట్టూ కూర్చొని తలా ఒక సలహా చెప్పాము. మావారు బ్లోయరు కొందామన్నారు. ధర తక్కువ, మీట నొక్కిన నిమిషంలో వేడిగాలి కొడుతుంది. మరిది కరెంటు పోతుంది గనుక గ్యాసు హీటరు మేలన్నాడు. ఆడబిడ్డ తన అత్తగారింట్లో ఉన్నట్టు నూనె నింపిన రేడియేటరు తెద్దామన్నది. ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయి వేడి, చల్లదనం రెండూ ఇచ్చే ఏసీ పెట్టిద్దామన్నాడు. అత్తమ్మ అన్నీ విని, "నా కుంపటి ఏం పాపం జేసింది? ఇన్నేండ్లు బతికిచ్చింది గిప్పుడు సంపుతదా?" అన్నారు.

ఎవరి మాటా తీసివేయదగినది కాదు. గనుక ఒక్కొక్కటీ పరిశీలించాము.

గ్యాసు హీటరు సంగతి మొదట తేలిపోయింది. అది కూడా మంటే. గదిలోని ప్రాణవాయువును వాడుకొంటుంది. సరిగా మండకపోతే కుంపటి ఇచ్చే విషవాయువునే ఇస్తుంది. పడకగదిలో రాత్రంతా పెట్టుకోదగినది కాదు.

తక్కినవన్నీ కరెంటువి. వాటిలో మంట లేదు గనుక ఆ వాయువు భయం లేదు. ప్రాణవాయువు కూడా ఖర్చు కాదు. ఇక ఏది తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి ఇస్తుంది? దుకాణాలలో దీని గూర్చి చాలా మాటలు చెబుతారు. నిజానికి కడ్డీ హీటరైనా, బ్లోయరైనా, నూనె రేడియేటరైనా తీసుకొన్న కరెంటును దాదాపు అంతా వేడిగానే మారుస్తుంది. 1000 వాట్ల హీటరు గంట నడిస్తే ఒక యూనిట్ కాలుతుంది. చవకదైనా ఖరీదైనదైనా ఇచ్చే వేడి ఒకటే. తేడా అంతా ఆ వేడి ఎక్కడికి పోతుంది అన్నదానిలోనే ఉంది.

బ్లోయరు గాలిని వేడి చేస్తుంది. గాలి నిలవని ఇంట్లో ఆ వేడిగాలి పెంకుల్లోనుండి బయటకు పోతుంది. అది చిన్న మూసిన గదికి కొద్ది నిమిషాలకు తగినది. ఎర్రగా వెలిగే కడ్డీ హీటరు చలికాలపు ఎండ వంటిది. గాలిని పెద్దగా పట్టించుకోదు, ఎదురుగా ఉన్న మనిషికి నేరుగా వేడి తగులుతుంది. గాలి చొరబడే ఇంటికి లెక్క ప్రకారం అదే తగినది. 400 వాట్లతో కూడా కాళ్ళు వెచ్చబడతాయి. ఈ లెక్క విని మావారు దాదాపు అదే ఖాయం చేశారు.

అప్పుడు ఆడబిడ్డ మెల్లగా అడిగింది: "అమ్మ కాళ్ళకు కాలినా తెల్వదు గదా అన్నా?"

ఆ ఒక్క మాటతో లెక్క మారిపోయింది. స్పర్శ లేని పాదం దగ్గర ఎర్రటి కడ్డీ ఉంచితే చర్మం బొబ్బలెక్కేవరకు ఆమెకు తెలియదు. షుగరు ఉన్నవారి పాదానికి చిన్న పుండు కూడా పెద్ద ఆపద. చీర కుచ్చెళ్ళు, జారిపోయే దుప్పటి అంటుకొనే భయం వేరే ఉంది. వేడినీళ్ళ సంచి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. మరిగే నీళ్ళు పోయకూడదు, గుడ్డ చుట్టకుండా పెట్టకూడదు, స్పర్శ లేని పాదాలకు ఆనించి నిద్రపోకూడదు. గాలి చొరబడే ఇంటికి తగిన హీటరు మా అత్తమ్మకు తగినది కాదన్నమాట. మరి మనిషికి తగిన హీటరును తెచ్చి, ఇంటినే దానికి తగినట్టు చేయాలి.

మా అబ్బాయి చెప్పిన ఏసీలో ఒక నిజం ఉంది. అది వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్న వేడిని లోపలికి చేరవేస్తుంది. అందుచేత ఒక యూనిట్ కరెంటుకు రెండు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. సొంత డాబా ఇల్లు, గట్టిగా మూసుకొనే తలుపులు ఉన్నవారు తప్పక ఆలోచించదగినది. మట్టిగోడల పెంకుటింటికి మాత్రం అది మోయలేని ఖర్చనిపించింది.

చివరకు నూనె రేడియేటరు తీసుకొన్నాము. అందులోని నూనె కాలిపోదు, మళ్ళీ పోయనవసరం లేదు. లోపలే వేడెక్కి రెక్కల ద్వారా గదికి వేడి ఇస్తుంది. గది వెచ్చబడడానికి అరగంటకు పైగా పడుతుంది గానీ, ఆర్పిన తరువాత కూడా కాసేపు వేడి నిలుస్తుంది. ఎర్రటి కడ్డీ బయటకు కనబడదు. బరువుగా ఉంటుంది గనుక తేలికగా పడదు. కొనేటప్పుడు నాలుగు విషయాలు చూసుకొన్నాము. ఐ.ఎస్.ఐ. గుర్తు, దాని కింద లైసెన్సు సంఖ్య ఉన్నాయా? వేడిని అదుపు చేసే థర్మోస్టాటు ఉన్నదా? ఒరిగితే దానంతట అదే ఆగిపోతుందా? 2000 వాట్ల కంటే తక్కువలో నడిపే మీటలు ఉన్నాయా? మాది 800, 1200, 2000 వాట్లలో నడుస్తుంది. అయినా దాని రెక్కలు చేతికి చురుక్కుమనేంత వేడెక్కుతాయి గనుక మంచానికి మూడు అడుగుల దూరంలో, గోడ వైపు ఉంచాము. తడిబట్టలు దానిమీద ఆరవేయరాదని గట్టిగా చెప్పాము.

దానికి ముందే ఇంటి పని జరిగింది. ఒక సాయంత్రం కొవ్వొత్తి వెలిగించి తలుపుల వెంట, కిటికీల వెంట తిప్పాము. మంట ఎక్కడ వాలితే అక్కడ సందు. తలుపు కిందికి పాత చీరను గొట్టంలా కుట్టి, ఇసుక నింపి పెట్టాము. కిటికీ చీలికకు నురుగు పట్టీ అంటించాము. గోడకూ పెంకులకూ మధ్య సందును మేదరివారి చేత అల్లించిన తడికతో మూయించి, మట్టి మెత్తించాము. అన్నిటికంటే ఎక్కువ ఉపకారం చేసింది మంచమున్న గదికి వేయించిన తడికల కప్పు. వేడిగాలి పైకి పోతుంది కదా! పెంకుల దాకా పోకుండా ఏడెనిమిది అడుగుల ఎత్తులోనే ఆగింది. ఊపిరికి, తేమ పోవడానికి పైన ఒక చిన్న కిటికీ మాత్రం తెరిచే ఉంచాము.

తరువాత కరెంటు పని. 2000 వాట్ల వస్తువు దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. గోడకు ఉన్న 6 ఆంపియర్ల చిన్న సాకెట్టు దానికి సరిపోదు. ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలిస్తే తీగ వేడెక్కి కరుగుతుంది. ఎలక్ట్రీషియన్ అబ్బాయి వచ్చి 16 ఆంపియర్ల సాకెట్టుకు మీటరు దగ్గర నుండి వేరే మందపాటి తీగ లాగాడు. కరెంటు లీకైతే వెంటనే ఆపివేసే చిన్న యంత్రం, ఆర్.సి.సి.బి. అంటారు, అది పెట్టాడు. చివరకు అడిగాడు: "ఎర్తింగు ఏది?" పాత ఇళ్ళలో చాలా చోట్ల ఉండదు. మూడు కాళ్ళ ప్లగ్గు ఉంటుంది గానీ మూడవ కాలు ఎక్కడికీ పోదు. వాకిట్లో గొయ్యి తవ్వి, పైపు దించి, చుట్టూ ఉప్పూ బొగ్గూ వరుసలుగా వేయాలన్నాడు. అత్తమ్మ లోపలికి వెళ్ళి, చలికాలానికి దాచుకొన్న బొగ్గుల సంచి తెచ్చి అతని ముందు పెట్టారు. "ఇగ వీటితోని నాకేం పని, తీస్కో" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. రాత్రి 8 గంటల నుండి 10 వరకు 1200 వాట్ల మీద నడుపుతారు. తెల్లవారి ఆమె లేచేముందు, పక్కగదిలో పడుకొనే మా మరిది కూతురు మరొక గంట నడుపుతుంది. మూడు గంటలకు ఎక్కువలో ఎక్కువ 3.6 యూనిట్లు. రాత్రంతా 2000 వాట్ల మీద వదిలేస్తే 15 యూనిట్లు దాటవచ్చు. ఇల్లు మూయించినందువల్లే ఈ తేడా. ఇక నిద్రపోయేటప్పుడు సాకెట్టు దగ్గరే ఆపివేయడం నియమం. కరెంటు పోయినప్పుడు కూడా వెంటనే ఆపాలి. లేకపోతే అర్ధరాత్రి కరెంటు వచ్చినప్పుడు ఎవరూ చూడకుండానే మళ్ళీ మొదలవుతుంది. నడిరాత్రి చలికి నూలు టోపీ, మేజోళ్ళు, ఒక మందపాటి దుప్పటికి బదులు రెండు పలుచని రగ్గులు. వాటి మధ్య నిలిచే గాలి కూడా ఒక పొరే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇళ్ళ గూర్చి ఇచ్చిన సూచనలలో చలిప్రాంతాలలో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండడం ఆరోగ్యానికి మంచిదన్నది. గోడకు ఒక చిన్న థర్మామీటరు తగిలించాము. మొదటి రాత్రి పదింటికి అది 19 చూపింది. అత్తమ్మకు ఆ తరువాత పొద్దుటి తలనొప్పి రాలేదు.

అయినా వారం తరువాత ఫోను చేస్తే ఆమె గొంతులో సంతోషం లేదు. ఏమైందని అడిగాను. "వెచ్చగనే ఉన్నది బిడ్డా. గని మంట పక్కన కూసుంటె మనుషులు అస్తరు. గీ పెట్టె పక్కకు ఎవరస్తరు?" అన్నారు.

అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. కుంపటి ఆమెకు కేవలం వేడి కాదు. సాయంత్రం పక్కింటి పెద్దమ్మ వచ్చి చేతులు చాపి కూర్చొనేది. పిల్లలు చిలగడదుంపలు కాల్చుకొనేవారు. మేము విషాన్ని తీసివేశాము, నిజమే. దానితోపాటు ఆమె సాయంత్రాలను కూడా తీసివేశాము. హీటరు ఎంత మంచిదైనా ఆ లోటు తీర్చలేదు.

మార్గం మరిది భార్యకు తోచింది. కుంపటిని వాకిట్లోకి మార్చింది. ఆరుబయట, గాలి ఆడేచోట, సాయంత్రం ఆరు నుండి ఎనిమిది వరకు. తరువాత నీళ్ళు చల్లి పూర్తిగా ఆర్పడం, ఒక్క నిప్పుకణం కూడా గడప దాటి లోపలికి రాకపోవడం కట్టుబాటు. అత్తమ్మ శాలువా కప్పుకొని, మంటకు కొంచెం దూరంగా కుర్చీలో, పాదాలకు చెప్పులు, మేజోళ్ళు తొడుక్కొని కూర్చుంటారు. ఇద్దరు ముగ్గురు వస్తారు. ఎనిమిదింటికి లోపలికి వచ్చేసరికి గది వెచ్చబడుతూ ఉంటుంది.

ఇప్పుడు ఈ రెండేళ్ళుగా అలాగే జరుగుతున్నది. ఇటీవల ఆమె పక్కింటి పెద్దమ్మకు కూడా కుంపటి లోపల పెట్టవద్దని చెప్పి, కొవ్వొత్తితో సందులు చూడడం నేర్పారట.

మీ ఊరిలో, మీ బంధువులలో పెద్దవారు ఒంటరిగా పడుకొనే పాత ఇల్లు ఏదైనా ఉంటే, ఈ చలికాలం రాకముందే ఒకసారి వెళ్ళి చూడండి. రాత్రి మంచం దగ్గర ఏమి పెట్టుకొంటున్నారో అడగండి. పొద్దున తలనొప్పి ఉంటున్నదా అని అడగండి. గోడకున్న సాకెట్టును, మూడవ కాలు ఎటు పోతున్నదో చూపించండి. హీటరు కొని పార్సిలు పంపించడం ఒక్క పూట పని. వెళ్ళి ఒక రాత్రి ఆ గదిలోనే పడుకొంటే, వారికి ఏమి కావాలో గాలే చెబుతుంది.